బంగినపల్లి ఎగుమతి పట్టీలో “ప్రభుత్వ పన్నులు 6%” అని ఒకే గీత: ఇందులో నిజంగా ప్రభుత్వానికి చేరేది ఎంత?

మామిడి_సంఘం (నూజివీడు వైపు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. సభ్యుల తోటల్లో బంగినపల్లి కోయించి, ఏపీడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న ప్యాక్‌హౌస్‌కి చేర్చి, అక్కడ ఎగుమతిదారుకి అప్పగించాలని మాట్లాడుకుంటున్నాం. ఆయన కొంత సరుకు విమానంలో లండన్‌కి, కొంత ఓడలో దుబాయ్‌కి పంపుతారు. ముందుగా ఒక నమూనా పట్టీ (అమ్మకం లెక్క చీటీ) పంపారు. కిలో 60 రూపాయల చొప్పున టన్నుకి 60,000. అందులో మార్కెట్ సెస్ 1%, ఎగుమతి సెస్ 0.5%, “జీఎస్‌టీ వగైరా” 4.5%, అన్నీ కలిపి “ప్రభుత్వ పన్నులు 6%” అని టన్నుకి 3,600 తీసేశారు. హమాలీ, తరుగు ఆ కింద విడిగా ఉన్నాయి.

పచ్చి పండు మీద జీఎస్‌టీ లేదని విన్నాం. మరి ఈ 4.5% ఎక్కడిది? ఎగుమతి సెస్ అనేది అసలు ఉందా? మార్కెట్ సెస్ ఉంటే రైతు కట్టాలా, కొన్నవాడు కట్టాలా? ఇంకో మాట: పెట్టెలు మమ్మల్నే కొనమంటున్నారు, అందులో మాకేమైనా నష్టం ఉందా? చట్టం పేరు, ఫారం పేరుతో సహా చెబితే ఆయనతో కూర్చుని మాట్లాడటానికి వీలుంటుంది.

పట్టీ_పద్దు:

ముందు మార్కెట్ ఫీజు సంగతి. మనవైపు అందరూ సెస్ అనే అంటారు గానీ చట్టంలో దాని పేరు ఫీజు. 1966 నాటి వ్యవసాయ ఉత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం 12వ సెక్షన్ కింద మార్కెట్ కమిటీ వసూలు చేస్తుంది. నోటిఫై చేసిన సరుకు నోటిఫై చేసిన ప్రాంతంలో చేతులు మారితే, అమ్మకం విలువ మీద సాధారణంగా నూటికి రూపాయి. కట్టాల్సింది కొనుగోలుదారు అని ఆ సెక్షన్‌లోనే ఉంది. కొన్నవాడెవరో తేలని చోట మాత్రమే అది అమ్మినవాడి మీద పడుతుంది. మీ దగ్గర కొన్నవాడు ఎదురుగానే ఉన్నాడు, పేరుతో పట్టీ కూడా రాస్తున్నాడు. కాబట్టి ఆ 600 రూపాయలు ఆయన ఖర్చు. రైతు ధరలోంచి తీయడానికి లేదు.

అదే సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది. నోటిఫై చేసిన ప్రాంతం దాటి బయటికి పోతున్న సరుకు అక్కడే అమ్ముడైందని చట్టం అనుకుంటుంది. కాదని చూపించాల్సిన బాధ్యత సరుకు తీసుకెళ్తున్నవాడిది. మార్కెట్ చెక్‌పోస్టులో లారీ ఆగిపోయేది ఇందుకే. మీ సభ్యుల పండు అమ్మకం కాకుండా మీ కంపెనీ పేరునే ప్యాక్‌హౌస్‌కి పోతుంటే, డెలివరీ చలానా మీద “అమ్మకానికి కాదు, గ్రేడింగ్ కోసం తరలింపు” అని రాసి, ఏ తోట నుంచి ఎన్ని క్రేట్లో జాబితా జత చేయండి. అమ్మకం ప్యాక్‌హౌస్ గేటు దగ్గర జరిగితే ఫీజు ఆ ప్రాంతపు కమిటీకి వెళ్తుంది, తోట ఉన్న ప్రాంతానికి కాదు. రెండు చోట్లా కట్టించుకోబోతే మొదటి రశీదే మీకు రక్ష. అసలు రశీదు బండిలో ఉంచి, నకలు ఆఫీసులో పెట్టుకోండి.

యార్డు బయట కొన్న పండ్లకు మినహాయింపులు ప్రభుత్వ ఉత్తర్వులతో వస్తుంటాయి, పోతుంటాయి. కోత మొదలవకముందే మీ కమిటీ కార్యదర్శికి ఒక ఉత్తరం రాసి, ఈ సీజన్‌లో మామిడికి రేటెంత, మినహాయింపు ఉందా అని రాతలో తీసుకోండి. నోటిమాట చెక్‌పోస్టు దగ్గర చెల్లదు.

గట్టుమీద_గోపి:

2020లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం యార్డు బయట మార్కెట్ ఫీజు ఉండకూడదు కదా? ఆయనని అదే అడగండి, 1% పోతుంది.

పట్టీ_పద్దు:

గోపి గారూ, ఆ చట్టం ఇప్పుడు లేదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు మూడు సాగు చట్టాల అమలునీ నిలిపేసింది, ఆ ఏడాది చివర్లో పార్లమెంటు మూడింటినీ రద్దు చేసింది. దాన్ని చూపిస్తే ఎగుమతిదారు నవ్వి ఊరుకుంటాడు. రాష్ట్ర చట్టం 12వ సెక్షన్ చూపించండి, అది చాలు.

ఓడరేవు_కాగితం:

ఎగుమతి సెస్ 0.5% అన్నది పాత దస్త్రాల్లోంచి వచ్చిన మాట. 1940 నాటి వ్యవసాయోత్పత్తుల సెస్ చట్టం కింద బయటి దేశాలకు పోయే కొన్ని సరుకుల మీద విలువలో అర శాతం దాకా వసూలు చేసేవారు. వ్యవసాయ పరిశోధనా మండలి ఖర్చుల కోసం పెట్టిన సెస్ అది. 2006లో చట్టంతో సహా ఎత్తేశారు. ఇప్పుడు తాజా మామిడి మీద ఎగుమతి సుంకమూ లేదు, సెస్సూ లేదు. 2006కి ముందు తయారైన పట్టీ నమూనాని అలాగే దించుకుంటూ వస్తున్నట్టుంది.

నిజంగానే కట్టానంటే షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) నకలు అడగండి. సుంకం, సెస్ ఏది కట్టినా అందులో కనబడాలి. కనబడకపోతే టన్నుకి ఆ 300 రూపాయలు ప్రభుత్వానికి పోలేదనే లెక్క.

జీఎస్‌టీ_గుమస్తా:

అసలు విషయం ఆ 4.5% గీతలో ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

తాజా మామిడి జీఎస్‌టీ మినహాయింపు సరుకు. మీ కంపెనీ ఎగుమతిదారుకి అమ్మినప్పుడు ఇన్వాయిస్‌లో పన్ను సున్నా. పత్తి, పొగాకు, తొక్కతో ఉన్న జీడిగింజల్లా కొన్నవాడు రివర్స్ ఛార్జ్ కింద కట్టే జాబితాలోనూ మామిడి లేదు. తోట నుంచి ప్యాక్‌హౌస్‌కి లారీ కిరాయి వ్యవసాయోత్పత్తి రవాణా కింద మినహాయింపు. ఎత్తుడు దింపుడు, నిల్వ, కమీషన్ ఏజెంటు సేవ మినహాయింపు. ముందస్తు చల్లబరచడం, మాగబెట్టడం, మైనం పూత, రిటైల్ ప్యాకింగ్, లేబుల్ వేయడం కూడా పండ్లకు మినహాయింపే. యూరప్ సరుకుకి 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాలు ముంచే శుద్ధి మాత్రం ఆ జాబితాలో పేరుతో లేదు. అందుకని కొన్ని ప్యాక్‌హౌస్‌లు దానికి 18% వేస్తాయి. ఆ బిల్లులో శుద్ధికి ఒక గీత, గ్రేడింగ్, ప్యాకింగ్‌లకు ఒక గీత విడివిడిగా రాయించండి. అన్నీ కలిపి “ప్యాక్‌హౌస్ ఛార్జీలు” అని ఒకే మొత్తం రాస్తే మొత్తానికీ 18% పడుతుంది.

పన్ను పడేది మూడు చోట్ల. అట్టపెట్టెలు: 2025 సెప్టెంబరు 22 నుంచి 12% పోయి 5% అయింది. క్లియరింగ్ ఏజెంటు సేవ: 18%. మూడోది, అన్నిటికంటే బరువైనది, కిరాయి. ఎగుమతి సరుకు విమాన, ఓడ కిరాయికి ఉన్న మినహాయింపు 2022 సెప్టెంబరు 30తో ముగిసింది. అప్పటి నుంచి విమాన కిరాయి మీద 18%, ఓడ కిరాయి మీద 5%.

అంకెల్లో చూద్దాం. ఇవి ఉదాహరణకి వేసుకున్న ధరలే, మీ ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి. లండన్‌కి 3 టన్నులు, మూడేసి కిలోల పెట్టెలు 1,000. పెట్టె 60 రూపాయలైతే 60,000, దాని మీద 5% అంటే 3,000. పెట్టె బరువుతో కలిపి 3,400 కిలోలు, విమాన కిరాయి కిలోకి 150 అనుకుంటే 5,10,000, దాని మీద 18% అంటే 91,800. ఏజెంటు రుసుం 15,000 మీద 2,700. మొత్తం జీఎస్‌టీ 97,500. పండు కిలోకి 32 రూపాయల 50 పైసలు! పండు ధర 60 అయిన చోట ఇది చిన్న మొత్తం కాదు. “జీఎస్‌టీ వగైరా” పుట్టింది ఇక్కడే. ఎగుమతిదారు చేతిలోంచి ఈ డబ్బు నిజంగానే పోతుంది, అబద్ధమేమీ కాదు.

కానీ పోయిన డబ్బు తిరిగొస్తుంది. ఐజీఎస్‌టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎగుమతి జీరో రేటెడ్ సరఫరా, అంటే అమ్మకం మీద పన్ను సున్నా, దానికోసం కట్టిన పన్ను కూడా వెనక్కి. సరుకు మినహాయింపుదైనా సరే, దానికోసం కట్టిన ఇన్‌పుట్ పన్ను తీసుకోవచ్చని రెండో ఉపసెక్షన్ విడిగా చెప్పింది. కాబట్టి ఎగుమతిదారు జీఎస్‌టీ నమోదు ఉన్నవాడైతే 97,500కి రీఫండ్ వేసుకుంటాడు. రీఫండ్ ఆయన తీసుకుని, అదే పన్నుని మీ ధరలోంచి కూడా కోస్తే ఒకే పన్ను రెండుసార్లు రాబట్టుకున్నట్టు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: “మీ జీఎస్‌టీ నంబరెంత, కిందటి సీజన్‌కి ఆర్ఎఫ్‌డీ-01 (రీఫండ్ దరఖాస్తు) వేశారా?”

కేవలం మినహాయింపు సరుకే అమ్మేవాడికి నమోదు తప్పనిసరి కాదు గనక కొందరు చిన్న ఎగుమతిదారులు తీసుకోరు. వాళ్లకి రీఫండ్ రాదు, ఆ పన్ను నిజంగానే ఖర్చు. అయినా అది వాళ్లు ఎంచుకున్న దారి, దాని బరువు రైతు మోయాలని ఎక్కడా లేదు.

ఇక పెట్టెల సంగతి. వాటిని మీరు కొనొద్దు. మీరు దేశంలోనే ఎగుమతిదారుకి అమ్ముతున్నారు. అది మీకు మామూలు మినహాయింపు అమ్మకమే, ఎగుమతి కాదు. మీరు కట్టిన పెట్టెల పన్ను మీకు తిరిగిరాదు, ఆయనకీ బదిలీ కాదు. పై లెక్క ప్రకారం కిలోకి రూపాయి అక్కడే గాలికి పోతుంది. పెట్టెల బిల్లు ఆయన జీఎస్‌టీ నంబరు మీద తీయించి, సరుకు మాత్రం ప్యాక్‌హౌస్‌కి దింపించుకోండి.

మామిడి_సంఘం:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే వచ్చే ఏడాది మేమే నేరుగా ఎగుమతి చేస్తే? రైతులకు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదంటారు కదా, కంపెనీకీ అదే వర్తిస్తుందా? రీఫండ్ ఎన్నాళ్లకి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది?

జీఎస్‌టీ_గుమస్తా:

జీఎస్‌టీ చట్టం దృష్టిలో వ్యవసాయదారు అంటే వ్యక్తి, లేదా హిందూ అవిభక్త కుటుంబం. కంపెనీ ఆ మాట కిందికి రాదు. మీకు నమోదు అక్కర్లేకపోవడం మీరు రైతుల కంపెనీ అయినందుకు కాదు, అమ్మేదంతా మినహాయింపు సరుకు అయినందుకు. నేరుగా ఎగుమతి చేస్తే నమోదు తీసుకోండి, లేకపోతే కిరాయి మీద 18% మీ నెత్తినే పడుతుంది.

అందరూ తడబడే చోట్లు చెబుతాను. జీఎస్‌టీఆర్-3బీలో (పన్ను లెక్కల సారాంశ రిటర్ను) ఎగుమతి విలువను 3.1(బీ), అంటే జీరో రేటెడ్ గడిలో వేయాలి. మామిడికి పన్ను లేదు కదా అని ఆడిటర్ ఆఫీసులో కుర్రాళ్లు 3.1(సీ), అంటే మినహాయింపు గడిలో వేసేస్తారు. జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్ను) కూడా 6ఏ పట్టికలో పన్ను కట్టని ఎగుమతిగా, షిప్పింగ్ బిల్లు నంబరు, తేదీ, పోర్టు కోడ్‌తో రావాలి. రెండు రిటర్నులూ పొసగకపోతే ఆర్ఎఫ్‌డీ-03 లోపాల మెమో వస్తుంది, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు.

మినహాయింపు సరుకు ఎగుమతికి రీఫండ్ అడిగేటప్పుడు ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) అక్కర్లేదని 2018 మే 30 నాటి 45వ సర్క్యులర్ చెబుతుంది. అధికారి అడిగితే అది చూపించండి. అయినా ఆర్ఎఫ్‌డీ-11లో ఎల్‌యూటీ ఆన్‌లైన్‌లో రుసుం లేకుండా పని అవుతుంది. ఏడాదికోసారి వేసి పెట్టుకుంటే వాదన తప్పుతుంది.

మామిడికి ప్రత్యేకమైన చిక్కు కాలంతో. పెట్టెలు మార్చిలో కొంటారు, ఎగుమతి ఏప్రిల్ నుంచి జూన్ దాకా. రీఫండ్ సూత్రంలో ఒకే కాలపు పన్ను, ఒకే కాలపు ఎగుమతి తీసుకుంటారు. మార్చి నెలకి విడిగా వేస్తే ఎగుమతి సున్నా కాబట్టి రీఫండూ సున్నా. ఏప్రిల్ నుంచి వేస్తే మార్చి పెట్టెల పన్ను లెక్కలోకే రాదు. మార్చి నుంచి జూన్ దాకా కలిపి ఒకే దరఖాస్తు వేయాలి. రెండు ఆర్థిక సంవత్సరాలు కలపకూడదన్న పాత షరతును 2020 మార్చి 31 నాటి 135వ సర్క్యులర్‌తో తీసేశారు. ఈ ఒక్కటి తెలియక సీజన్ తర్వాత సీజన్ పెట్టెల పన్ను వదిలేసుకుంటున్నవాళ్లున్నారు.

ఫార్వార్డర్ (కిరాయి బిల్లు ఇచ్చే రవాణా ఏజెంటు) తన జీఎస్‌టీఆర్-1 వేయకపోతే కిరాయి పన్ను మీ 2బీలో, అంటే మీకు రావాల్సిన క్రెడిట్ జాబితాలో, కనబడదు. 2బీలో లేని బిల్లుకి రీఫండ్ ఇవ్వరు. మీ పన్నులో పది వంతుల్లో తొమ్మిది వంతులకు పైగా ఆ ఒక్క బిల్లులోనే ఉంది కాబట్టి, కిరాయిలో కొంత ఆపి, 2బీలో చూశాకే ఇస్తామని ముందే రాసుకోండి.

గ్రేడింగ్‌లో తీసేసిన పండు ఊళ్లో అమ్ముతారు కదా, అది మినహాయింపు అమ్మకం. ఉమ్మడి ఖర్చుల పన్నులో ఆ వాటా జీఎస్‌టీ రూల్ 42 కింద వెనక్కి కట్టాలి. ఎగుమతి 80 లక్షలు, ఊళ్లో అమ్మకం 20 లక్షలు, ఉమ్మడి పన్ను లక్ష అయితే 20,000 వెనక్కి. విమాన కిరాయి పూర్తిగా ఎగుమతిదే గనక దాన్ని ఈ లెక్కలో కలపకండి, కలిపితే ఊరికే నష్టపోతారు. కోల్డ్ రూమ్ యంత్రాల్లాంటి మూలధన సరుకు పన్ను ఈ రీఫండ్ సూత్రంలోకి రాదు.

గడువుల మాటకొస్తే, విమానం లేదా ఓడ దేశం విడిచిన రోజు నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు వేయాలి. 15 రోజుల్లో రశీదు ఆర్ఎఫ్‌డీ-02, ఆ తర్వాత 7 రోజుల్లో 90% తాత్కాలిక రీఫండ్ ఇవ్వొచ్చని నిబంధన. పూర్తి ఉత్తర్వు 60 రోజుల్లో రావాలి, దాటితే ఏటా 6% వడ్డీ. వడ్డీ వాళ్లంతట వాళ్లు వేస్తారని కూర్చోకండి, అడిగితేనే వస్తుంది.

గట్టుమీద_గోపి:

గుజ్జు సంగతి కూడా చెప్పండి. చిత్తూరు వైపు తోతాపురికి ఫ్యాక్టరీలు పన్ను ఎక్కువని ధర తగ్గించేవి కదా.

జీఎస్‌టీ_గుమస్తా:

గుజ్జు పన్ను పడే సరుకు. 2022 ఆగస్టు సర్క్యులర్‌లో 12% అని తేల్చారు, 2025 సెప్టెంబరు 22 నుంచి 5%. గుజ్జు ఎగుమతి చేస్తే అదీ జీరో రేటెడే, ఆ పన్ను ఫ్యాక్టరీ ఖర్చు కాదు. దేశంలో రసాల కంపెనీలకు అమ్మినా కొన్నవాళ్లు క్రెడిట్ తీసుకుంటారు. పన్ను వల్ల కాయ ధర తగ్గించామనే మాటలో పస ఎప్పుడూ తక్కువే. 2025లో తోతాపురి పడిపోయింది గిరాకీ లేక. ఆ ఏడాది కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలిచ్చేలా రాష్ట్రం ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఓడరేవు_కాగితం:

నేరుగా ఎగుమతి చేసేవాళ్లకి మిగతా సర్కారు ఖర్చులు. ఐఈసీకి (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్ల కోడ్) 500 రూపాయలు, ఒకేసారి. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వెబ్‌సైట్‌లో వివరాలు ఖరారు చేయాలి, రుసుం లేదు. మర్చిపోతే ఐఈసీ నిలిచిపోతుంది, మామిడివాళ్లకి అది సీజన్ నడిమధ్యలో తెలుస్తుంది. కాబట్టి ఏప్రిల్ మొదటివారంలోనే చేసేయండి. ఏపీడా నమోదుకి 5,000, జీఎస్‌టీతో 5,900, ఐదేళ్లు చెల్లుతుంది. ఏటా 20 టన్నులు పంపినా కిలోకి ఆరు పైసలు. దీన్ని శాతాల్లో కోసేవాడిని నమ్మకండి.

మొక్కల ఆరోగ్య ధ్రువపత్రానికి సరుకువారీగా రుసుం ఉంటుంది, చలానా మీ పేరునే వస్తుంది. యూరప్‌కైతే తోట ముందే ఉద్యాన శాఖ ద్వారా మ్యాంగోనెట్ అనే ఆన్‌లైన్ తోటల జాబితాలో నమోదై ఉండాలి. పత్రంలో తోట నంబరు, పెట్టె మీద నంబరు ఒకటి కాకపోతే పత్రమే రాదు. పండు ఈగ వల్ల 2014 మే నుంచి కొన్ని నెలలు యూరప్ మన మామిడిని ఆపేసిన తర్వాత వచ్చిన కట్టుదిట్టం ఇది.

ఇప్పుడు తిరిగొచ్చే డబ్బు. ఆర్ఓడీటీఈపీ అనే పథకం 2021 జనవరి 1 నుంచి ఉంది. జీఎస్‌టీలో తిరిగిరాని పన్నులు, అంటే డీజిల్ మీద వ్యాట్, కరెంటు సుంకం, మార్కెట్ ఫీజు లాంటివి, ఎగుమతిదారుకి కొంత వెనక్కివ్వడమే దాని ఉద్దేశం. గమనించారా, మార్కెట్ ఫీజు పేరుతో మీ దగ్గర 1% కోసేవాడు దాని పరిహారం కేంద్రం దగ్గర తీసుకునే హక్కు కూడా ఉన్నవాడు. రేటు 4ఆర్ అనుబంధంలో కోడ్‌వారీగా ఉంటుంది. తాజా మామిడి 0804 50 కింద, ఆపై రెండు అంకెలు రకాన్ని బట్టి మారతాయి, కాబట్టి బంగినపల్లి గీత చూసి వేయించండి.

షిప్పింగ్ బిల్లు వేసేటప్పుడే సరుకు ఎదురుగా “క్లెయిము చేస్తున్నాం” అనే గుర్తు పెట్టాలి. ఏజెంటు తొందర్లో “వద్దు” అని పెడితే ఆ బిల్లుకి ఆశ వదులుకోవడమే. తర్వాత విమాన సంస్థ ఈజీఎం (ఎక్కించిన ఎగుమతి సరుకు జాబితా) సరిగ్గా వేయాలి. పెట్టెల సంఖ్యలో ఒక్క అంకె తేడా వచ్చినా బిల్లు లోపాల జాబితాలో కూర్చుంటుంది. ఇదే ఈజీఎం నంబరు జీఎస్‌టీ రీఫండ్ స్టేట్‌మెంట్ 3లో కూడా కావాలి గనక, ఒక లోపం రెండు రాబడులనీ ఆపుతుంది. వచ్చే క్రెడిట్‌తో దిగుమతి మూల సుంకం మాత్రమే కట్టగలరు. మామిడివాళ్లకి దిగుమతులుండవు, కాబట్టి కొంత తగ్గింపుకి అమ్ముకోవడమే.

అమెరికా గురించి కూడా ఒక మాట, ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడికి పంపాలంటే కనీసం 400 గ్రే రేడియేషన్ శుద్ధి, వాళ్ల వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టర్ సమక్షంలో. ఆ ఇన్‌స్పెక్టర్ ఖర్చు మన ఎగుమతిదారులే ముందుగా జమ చేయాలి. శుద్ధి జరిగిందని ఆ ఇన్‌స్పెక్టర్ ఇచ్చే పీపీక్యూ 203 పత్రంలో తప్పుల వల్ల 2025 మేలో 15 సరుకులు అక్కడి విమానాశ్రయాల్లో తిరస్కరణకి గురయ్యాయి. మామూలు సుంకం కిలోకి 6.6 సెంట్లు, దిగుమతిదారు కడతాడు. 2025 ఆగస్టు 27న 50%కి చేరిన అదనపు సుంకం నుంచి మామిడి లాంటి ఉష్ణమండల పండ్లని నవంబరులో తప్పించారు. ఆ మధ్యకాలంలో మన చెట్టు మీద కాయే లేదనుకోండి.

చీనీ_తోట (అనంతపురం):

పన్నుల గోల సరే, కింద “తరుగు” అన్న గీత ఎంతో రాయలేదేం? మా చీనీ మార్కెట్లో దాన్ని సూట్ అంటారు. టన్నుకి 100 కిలోల సూట్ అంటే 10%. పైన మీరు పోట్లాడుతున్న 6% కంటే ఎక్కువ. మార్కెట్ నియమావళి (బై-లా)లో లేని తరుగు తీయడానికి ఎవరికీ హక్కు లేదు. గ్రేడింగ్‌లో పోయిన కాయ తూకం వేసి వెనక్కివ్వాలి, లేదా దాని ధర విడిగా రాయాలి. శాతంలో తరుగు ఒప్పుకుంటే కాయ బాగున్నా పోతుంది.

ఆడిటర్_పక్కకుర్చీ:

ఆదాయపు పన్ను వైపు నుంచి క్లుప్తంగా. ఎగుమతిదారు టర్నోవర్ 10 కోట్లు దాటి, మీ కంపెనీ దగ్గర ఏడాదిలో 50 లక్షలకు మించి కొంటే, ఆ పైమొత్తం మీద 0.1% టీడీఎస్ తీస్తాడు. 80 లక్షలైతే 30 లక్షల మీద 3,000. పాత చట్టంలో 194క్యూ. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో జీతాల మీది టీడీఎస్ తప్ప మిగతావన్నీ 393వ సెక్షన్‌లో ఉన్నాయి. ఇది ఖర్చు కాదు, మీ పాన్‌లో జమ. “వగైరా”లో దీన్ని కూడా కలిపేశారేమో చూడండి. కలిపి ఉంటే టీడీఎస్ సర్టిఫికెట్ అడగండి, లేకపోతే డబ్బు ఆయన దగ్గరే ఉండిపోయినట్టు.

రైతు తన పండు అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం, పన్ను లేదు. చెట్టు మీద కాయని గంపగుత్తగా కొని కోయించుకునే వ్యాపారికి అది వ్యాపార ఆదాయమే, తోటలో కావలి ఉన్నంత మాత్రాన వ్యవసాయం అయిపోదు. ఇంకోటి: రైతుకి 10,000 దాటి నగదు ఇచ్చినా కొన్నవాడి ఖర్చుకి ఇబ్బంది లేదని మినహాయింపు ఉంది. దాన్ని చూసి, ఒకే రోజు ఒకరి దగ్గర 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవచ్చని రైతులు అనుకుంటారు. అది కుదరదు. జరిమానా పుచ్చుకున్నవాడి మీదే పడుతుంది, పుచ్చుకున్నంత మొత్తం.

మామిడి_సంఘం:

మరి ఒప్పందంలో ఏమేం రాసుకోవాలి? రేపు కూర్చుంటున్నాం.

పట్టీ_పద్దు:

ఇలా రాయించుకోండి. ధర ప్యాక్‌హౌస్ గేటు దగ్గర, నికరం. మార్కెట్ ఫీజు కొనుగోలుదారుది, రశీదు నకలు మీకు. పెట్టెలు, నీటి శుద్ధి, కిరాయి బిల్లులు ఎగుమతిదారు జీఎస్‌టీ నంబరు మీద. “ప్రభుత్వ పన్నులు” అనే పద్దు పట్టీలో ఉండకూడదు. ఏదైనా కోత వేస్తే చట్టం పేరు, చలానా నంబరు పక్కనే రాయాలి, చలానా లేని కోత 15 రోజుల్లో వెనక్కివ్వాలి. తరుగు శాతంలో కాదు, కాటా మీద. ఆర్ఓడీటీఈపీ ఆయనకే వస్తుంది కాబట్టి దాంట్లో సగం కిలో ధరలో కలపమని అడగండి. ఒప్పుకోకపోవచ్చు గానీ, అడిగితే ఆ 6% గీత గురించి ఇంకెక్కువ వాదించడు.

జీఎస్‌టీ_గుమస్తా:

ఒక్కటి కలుపుతాను. కిందటి సీజన్ ఆర్ఎఫ్‌డీ-06 (రీఫండ్ మంజూరు) ఉత్తర్వు నకలు ఒకటి చూపించమనండి. చూపిస్తే రీఫండ్ వచ్చిందని రుజువు, 4.5% గీత అక్కడికక్కడే కొట్టేయించండి. రీఫండ్ ఆగిపోయింది అంటే 3బీలో ఏ గడిలో వేశారో అడగండి. చాలావరకు 3.1(సీ)లోనే దొరుకుతుంది.